నాలుగో నంబరు మాట వినలేదు

సెప్టెంబర్ 23, సోమవారం. మైలవరం

ఇల్లు చేరాను. నలభై రోజుల సెలవు. గుమ్మంలోనే మల్లీశ్వరి నన్ను ఎగాదిగా చూసి "చిక్కిపోయారండీ" అంది. నిజానికి రెండు కిలోలు పెరిగాను. ఆ ఒక్క మాట కోసం రెండు రోజులు రైల్లో కూర్చోవచ్చు.

చాలా సంతోషంగా ఉంది. ఎందుకో రాయను.

సెప్టెంబర్ 24, మంగళవారం

రాస్తాను. నా డైరీ నేను కాక ఇంకెవరు చదువుతారు?

బయల్దేరే ముందు రోజు మా కమాండింగ్ ఆఫీసరు, సీఓ సాబ్ పిలిచారు. "రావు సాబ్, మన నాయక్ కృపానందం సెలవులో ఉండి విజయవాడ వరదల్లో జనాన్ని కాపాడాడట. నువ్వెలాగూ అటే వెళ్తున్నావు. సాక్షులతో మాట్లాడి ప్రశంసా కార్డుకి సిఫార్సు రాసి పంపు. అక్టోబర్ ఐదు ఆఖరు. ఒక్క పేజీ" అన్నారు. నేను సెల్యూట్ చేసి వెనక్కి తిరిగాక మరో మాట అన్నారు. "ఇది పాసైతే ఈసారి కార్డుకి నీ పేరు కూడా చూద్దాం."

నాకు అలాంటి ఆశలేం లేవు. ఆయన అన్నారు కాబట్టి రాసుకున్నాను, అంతే.

ఇరవై మూడేళ్లుగా ఫిరంగి దళంలో గుమాస్తాని. ఇప్పుడు హెడ్ క్లర్కుని, నాయబ్ సుబేదార్ వెంకటకృష్ణారావుని. అరవై నాలుగు సిఫార్సులు రాశాను. ఒక్కటీ వెనక్కి రాలేదు. నేను రాస్తే మామూలు జ్వరం కూడా మంచు కొండల్లో వచ్చిన జ్వరం అవుతుంది.

కృపానందానిది చల్లపల్లి. ఇరవై నాలుగేళ్లు గన్ దగ్గరే గడిపాడు. జనవరి ముప్పై ఒకటిన పెన్షన్ మీద వెళ్తున్నాడు. కార్డు వస్తే జేబు మీద పెట్టుకోను బ్యాడ్జీ ఇస్తారు; ఇన్నేళ్లలో అతనికి అలాంటిది ఒక్కటీ లేదు. జనవరిలో సైనిక దినోత్సవం నాడు వచ్చే లిస్టే అతనికి ఆఖరిది. ఇందులో పేరు లేకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే.

సెప్టెంబర్ 25, బుధవారం

పిండి కొద్దీ రొట్టె అంటారు. నా దగ్గర రొట్టె ముందు, పిండి తర్వాత. సాక్షుల్ని కలవకుండానే డ్రాఫ్టు రాసేశాను. ఏం వచ్చిందో! "తన ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి, ఒంటరిగా, ఉధృతమైన ప్రవాహంలోకి దూకి..." రాస్తుంటే నా రోమాలే నిక్కబొడుచుకున్నాయి.

మల్లీశ్వరికి తెలుగులో చదివి వినిపించాను. తను పుట్టింటివాళ్ల చీరల కొట్లో కూర్చుంటుంది. ఏ చీర ఎన్ని ఉతుకులకి వెలిసిపోతుందో చూడగానే చెబుతుంది. చివరిదాకా విని, "మొదటి లైన్లో నడుం లోతు నీళ్లండీ. మూడో లైనుకి మెడదాకా వచ్చాయి. ఆరో లైనుకి తల మునిగింది. ఇంకో రెండు పేరాలు రాస్తే కనకదుర్గమ్మ కొండ కూడా మునిగేట్టుంది" అంది.

పది నిమిషాలు మాట్లాడలేదు నేను. తర్వాత గారెలు తెచ్చింది. మాట్లాడాను.

సెప్టెంబర్ 26, గురువారం

పెసరట్టు. అల్లం పచ్చడి. శత్రువు ఎదుట చెక్కుచెదరని ధైర్యంతో తిన్నాను.

హాల్లో గోడకి ఒక మేకు కొట్టాను. క్యాలెండర్ కోసం.

సెప్టెంబర్ 27, శుక్రవారం

విజయవాడ సింగ్ నగర్ వెళ్లాను. గోడల మీద నీళ్ల గీత ఇంకా ఉంది, సరిగ్గా నా ఛాతీ ఎత్తున. నా డ్రాఫ్టులో అది మనిషి తల మీద ఉంది. ఆ కాగితాన్ని ఇంకో మడత పెట్టి జేబులో లోపలికి తోశాను.

మొదటి సాక్షి రహమతుల్లా. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తాడు. వివరాలు చెప్పమంటే "మూడో నంబరండి" అన్నాడు. ఇంటి నంబరనుకుని రాసుకున్నాను. లోపల్నుంచి వాళ్లావిడ "మనది పదిహేడు కదా!" అని కేకేసింది.

"ఇంటిది కాదండి, నా నంబరు" అన్నాడు రహమతుల్లా. అప్పుడు చెప్పాడు.

ఆ సందులో ఒక పక్క రేకుల ఇళ్లు, ఎదురుగా మూడంతస్తుల మేడ. మధ్యలో వరద. రేకుల ఇళ్లలో ముప్పై మందికి పైగా చిక్కుకుపోయారు. కృపానందం తన అక్క తెరేసమ్మ ఇంట్లో ఉన్నాడు, ఆవిడదీ రేకుల ఇల్లే. టెంట్ హౌస్ వాళ్ల షామియానా తాళ్లు దొరికాయి. వాటిని ఇటు నుంచి మేడ మెట్లకి కట్టారు. ఇక అందరూ పెత్తందార్లే. ఒకడు లాగమంటాడు, ఇంకొకడు వదలమంటాడు. ఎవరి మాటా ఎవరూ వినరు. అప్పుడు కృపానందం తనతో కలిపి ఆరుగురిని ఎంచి, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లిచ్చాడు.

"పేర్లతో పిలిస్తే చుట్టరికాలూ పాత గొడవలూ గుర్తొస్తాయి, నంబరైతే పనొక్కటే గుర్తుంటదన్నాడండి ఆయన" అన్నాడు రహమతుల్లా. "నా పక్కింటాయనతో నేను రెండేళ్లుగా మాట్లాడటం లేదండి. ఆ రోజు ఆయన రెండో నంబరు. రెండూ, తాడు బిగించు అంటే బిగించాడు. ఇప్పుడు రోజూ టీ తాగుతున్నాం."

నాకు ఒళ్లు ఝల్లుమంది. గన్ దగ్గర ఎవరికీ పేరుండదు, నంబరే ఉంటుంది. ఒకటో నంబరు చెబుతాడు, మిగతావాళ్లు చేస్తారు. ఆ డ్రిల్లు పుస్తకం నేను నాలుగుసార్లు టైపు కొట్టాను. అది ఒక లేత్ పనివాడి నోట వింటానని కలలో కూడా అనుకోలేదు.

"ఒకటో నంబరు కృపానందమేగా?" అన్నాను పెన్ను పట్టుకుని.

"కాదండి. ఆయన నాలుగు. నీళ్లలో ఉండేది నేనూ ఆయనే. ఒకటో నంబరు షహజాదిగారు. ఆ మేడ మీద బ్లౌజులు కుడతారు. పైనుంచి ఏం కొట్టుకొస్తుందో ఆవిడకే కనపడుద్ది. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదండి."

ముప్పై ఒక్కమందిని దాటించారు. మేకతో కలిపితే ముప్పై రెండు. వచ్చేటప్పుడు, "మధ్యలో ఒకసారి నాలుగో నంబర్నే నేను లాగాల్సొచ్చిందండి. అది ఆయన్నే అడగండి" అన్నాడు.

ఆ మాట నోట్స్‌లో రాసుకోలేదు. టైమైపోయింది, బస్సు వెళ్లిపోతుందని.

సెప్టెంబర్ 28, శనివారం

బస్సులు అరగంటకొకటి ఉన్నాయి. సరే.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఎవరి గురించి రాశామో వాళ్లకి సిఫార్సు చూపించకూడదు. అది రూలు. చూపించాను. ఇంత బాగా రాసినది ఎవరూ వినకపోతే ఎట్లా?

కృపానందం ప్రార్థన ముగించుకుని, చక్కెరకేళీ అరటిపళ్ల అత్తం పట్టుకుని వచ్చాడు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు. నేను లేచి నిలబడి చదివాను. ఒంటరిగా అన్న చోట కొంచెం ఆగి, గొంతు తగ్గించి మళ్లీ పెంచాను కూడా. అయిపోయాక చూస్తే అతను నేల చూస్తున్నాడు.

"ఇది ఎవరి గురించండీ, సార్?" అన్నాడు.

"నీ గురించేనయ్యా!"

"నేను నాలుగో నంబర్ని సార్. నాలుగో నంబరు ఒక్కడే గన్ పేల్చాడని ఎవరన్నా రాస్తారాండి?" అని, "పైగా నేను మాట తప్పాను. ఒకటో నంబరు ఆగమంటే ఆగకుండా కదిలాను. కొట్టుకుపోయాను. మూడో నంబరు లాగకపోతే నేను లేను. గన్ దగ్గర ఇట్టా చేస్తే నన్ను పక్కన నిలబెట్టేవారు కదండీ" అన్నాడు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై నాలుగేళ్లలో ఆజ్ఞ లేకుండా అడుగు కదపని మనిషి. వరదలో పోతానేమోనన్న భయం కంటే, కదిలానన్న సిగ్గే అతనికి ఎక్కువగా ఉంది.

"కార్డు నీకు వద్దా?" అన్నాను.

"కావాలండి. వద్దంటే అబద్ధం. మా అమ్మాయి పెళ్లిలో యూనిఫాం మీద పెట్టుకోవాలని ఉంది. కానీ ఇది ఇట్టాగే వెళ్తే, సీఓ సాబ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పేస్తానండి."

మల్లీశ్వరి అతనికి రెండోసారి కాఫీ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

సెప్టెంబర్ 30, సోమవారం

చెప్పకపోవడం అబద్ధం కాదు. అది వేరు, ఇది వేరు. కొట్టుకుపోయిన సంగతి వదిలేసి, "ఒంటరిగా" అన్నది తీసేసి, "ముందుండి" అని పెడితే చాలు. కృపానందానికి నచ్చజెబుతాను. అతని మంచికే. నా కోసం కాదు.

నా కోసం కాదు.

మేకు మీద క్యాలెండర్ ఇంకా తగిలించలేదేమని మల్లీశ్వరి అడిగింది.

అక్టోబర్ 1, మంగళవారం

ఈ రోజు గురించి ఎట్లా రాయాలో తెలియడం లేదు.

షహజాదిగారి దగ్గరికి వెళ్లాను. మూడో అంతస్తు పైన, రేకుల షెడ్డులో కుట్టుమిషను. యాభై దాటిన మనిషి. దసరా బ్లౌజులు గుట్టలుగా పడి ఉన్నాయి. తల ఎత్తకుండానే "ఏ ఊరు సారూ మీది?" అంది.

"మైలవరమండి."

"బుడమేరు మీ కొండల్లోనే కదా పుట్టేది. మీ ఊరి నీళ్లన్నీ మా నెత్తిన పోసి, ఇప్పుడు కాగితం పట్టుకుని వచ్చారా?" అని పకపకా నవ్వింది. కుర్చీలో ఉన్న బ్లౌజులు తీసి కూర్చోమంది. కూర్చున్నాను. ఆవిడ కూర్చోమంటే ఎవరైనా కూర్చుంటారు.

వాంగ్మూలం చెప్పమన్నాను. "రాయండి. నాలుగో నంబరు మంచోడు. కానీ మాట వినలేదు."

"అది వద్దండి..."

"రాయండి సారూ. నాలుగుసార్లు అరిచాను ఆగమని. వినలా."

అది రాస్తే కార్డు రాదని, అతనికి ఇదే ఆఖరి అవకాశమని బతిమాలాను. ఆవిడ మిషను ఆపింది. నా వైపు తిరిగింది.

"ఎందుకు వినలేదో అడిగారా మీరు?"

అడగలేదు. కృపానందం చెప్పనూ లేదు.

ఆవిడ నన్ను పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి చేత్తో చూపించింది. రావమ్మ అని ఎనభై ఏళ్ల ముసలావిడ. ఆఖరున ఆవిడ్ని దాటిస్తున్నారు. సందు మొదట్లోంచి ఒక నవారు మంచం అడ్డంగా కొట్టుకొస్తోంది. పైనుంచి అది చూసి షహజాదిగారు "నాలుగూ, ఆగు!" అని అరిచింది. కృపానందం ఆగాడు. మంచం వైపు చూశాడు కూడా. సరిగ్గా అప్పుడే రావమ్మ చెయ్యి తాడు మీంచి జారింది.

"మంచం వస్తందని తెలుసు వాడికి. చూశాడు, సారూ. నా కళ్లతో నేను చూశాను వాడు చూడటం. నేను ఆగమంటానే ఉన్నా. తాడొదిలేసి వెళ్లాడు. ముసల్దాని జబ్బ పట్టుకుని ఐదో నంబరు చేతిలోకి తోశాడు. మంచం కోడు వచ్చి వాడి పక్కటెముకల మీద కొట్టింది. మునిగిపోయాడు. మూడూ, లాగు అని నేను అరిస్తే రహమతుల్లా జుట్టు పట్టుకుని లాగాడు. పైకొచ్చాక వాడన్న మొదటి మాట తెలుసా? 'సారీ అక్కా, మాట తప్పాను.' చెంప మీద ఒకటిచ్చాను. తర్వాత నేనే ఏడిచాను."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేనూ జేబురుమాలు తీశాను. ఎందుకు దాచాలి, ఏడ్చాను.

నా వెర్రి డ్రాఫ్టులో "ఉధృతమైన ప్రవాహం" మూడుసార్లు ఉంది. ఈ మంచం ఒక్కసారి కూడా లేదు. ఆ వెధవ తాను చేసిన గొప్ప పనిని తప్పనుకుని నెల రోజులుగా దాచుకున్నాడు. బస్సులో కొండపల్లి దాటేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

అక్టోబర్ 2, బుధవారం

కృపానందానికి ఫోన్ చేశాను. "నువ్వు మాట వినలేదని సిఫార్సులో రాస్తున్నాను" అన్నాను.

"అయితే సరేనండి" అన్నాడు. ప్రాణం లేచొచ్చినట్టుంది ఆ గొంతు. తన మీద ఫిర్యాదు రాస్తున్నానంటే ఇంత సంబరపడ్డ జవాన్ని నేను చూడలేదు.

అక్టోబర్ 3, గురువారం

పదకొండు డ్రాఫ్టులు.

సైన్యంలో "ఆజ్ఞ పాటించలేదు" అన్న మాట విషం. పై ఆఫీసులో ఎవరైనా ఆ ఒక్క ముక్క చూసి ఎర్ర పెన్సిల్ గీస్తే కృపానందం బ్యాడ్జీ పోయినట్టే. పోతే మళ్లీ రాదు. అరవై నాలుగింటి తర్వాత అరవై ఐదోది వెనక్కి వస్తుంది. నా పేరు సంగతి చెప్పక్కర్లేదు.

భయంగా ఉంది. ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ భయపడుతూ రాయలేదు. పొగడటానికి భయమెందుకు? జరిగింది రాయాలంటేనే.

మల్లీశ్వరి కొట్టు నుంచి భోజనానికి వచ్చి కాగితాల గుట్ట చూసింది. "జరిగింది జరిగినట్టు రాస్తే ఒక్క పేజీలో పట్టదా అండీ?" అంది.

పట్టింది. పావు పేజీ మిగిలింది కూడా. నీళ్లు ఛాతీ దాకా. ఆరుగురి నంబర్లు, పేర్లు. ఒకటో నంబరు షహజాది, దర్జీ. ఆవిడ ఆగమన్నది. నాలుగో నంబరు ఆగాడు, మంచాన్ని చూశాడు, కదిలాడు. తృణప్రాయం లేదు. ఉధృతం లేదు. ఉతికినా వెలవని రంగు అంటారే మా ఆవిడ, అట్లా ఉంది.

అక్టోబర్ 4, శుక్రవారం

పొద్దున పదింటికి పంపించేశాను. పంపాక ఒకటే బెంగ. పులిహోర తిన్నాను. తగ్గలేదు. మళ్లీ తిన్నాను.

అక్టోబర్ 5, శనివారం

మధ్యాహ్నం సీఓ సాబ్ ఫోన్. పెరట్లో ఉన్నాను, చెంబు కింద పెట్టి అటెన్షన్‌లో నిలబడ్డాను. మల్లీశ్వరి కిటికీలోంచి చూస్తోంది.

"రావు సాబ్, ఇది నువ్వు రాసిందేనా?"

"నేనేనండి, సాబ్."

"ఆవిడ ఆగమందా?"

"అంది సాబ్. నాలుగుసార్లు."

"అతను వినలేదా?"

"లేదు సాబ్."

లైను కట్టయిందేమోనని ఫోను చూసుకున్నాను. కాలేదు.

"విని ఉంటే?" అన్నారు.

"ముప్పై మందే సాబ్."

"ఆ మాట ఇందులో లేదు. ఆఖరున చేర్చి గంటలో పంపు" అని పెట్టేశారు.

చేర్చాను. "ఆజ్ఞ పాటించి ఉంటే దాటినవారు ముప్పై మంది." నా జీవితంలో నేను రాసిన అన్నింటికంటే మంచి వాక్యం ఇదే. సగం సీఓ సాబ్‌ది. సగం నాది. సగం కంటే కొంచెం ఎక్కువే నాది.

నా పేరు గురించి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నాకేం అక్కర్లేదు.

అక్టోబర్ 9, బుధవారం

మూలా నక్షత్రం. మల్లీశ్వరితో కొండకి వెళ్లాను, క్యూలో నాలుగు గంటలు. అమ్మవారిని కృపానందం కోసం ఒకటి అడిగాను. ఇంకొకటి కూడా అడిగాను, చిన్నగా. అడిగితే తప్పేముంది?

నవంబర్ 4, సోమవారం. యూనిట్

వచ్చేశాను. చలి. చిక్కిపోతాను.

డిసెంబర్ 12, గురువారం

ఏ కబురూ లేదు. వెనక్కి కూడా రాలేదు. కృపానందం ఇక్కడే ఉన్నాడు, రోజుకొకసారి ఆఫీసు ముందు నుంచి నడుస్తాడు. లోపలికి చూడడు. చూడకుండా ఉండటానికి అతను పడే అవస్థ చూస్తే నవ్వూ జాలీ రెండూ వస్తాయి.

జనవరి 15, బుధవారం

వచ్చింది!

నాయక్ కృపానందం. రెండో పేజీ, పై నుంచి ఐదో పేరు. నేనే పరిగెత్తాను గన్ షెడ్డుకి. నలభై ఆరేళ్ల నాయబ్ సుబేదార్ పరేడ్ గ్రౌండ్‌లో టోపీ చేత్తో పట్టుకుని పరిగెత్తడం అందరూ చూశారు. కృపానందం గన్ గొట్టం తుడుస్తున్నాడు. చెప్పాను. గుడ్డ మడిచి పక్కన పెట్టి, మళ్లీ తీసి మళ్లీ మడిచాడు. ఆఖరికి ఆ గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా నల్ల గ్రీజు.

లిస్టులో నా పేరు లేదు. రెండుసార్లు చూశాను. మూడోసారి పొరపాటున చూశాను.

ఒక అరగంట బాధపడ్డాను. ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటైంది కాబట్టి రాస్తున్నాను, బాధపడ్డాను. తర్వాత సీఓ సాబ్ తన సొంత లెటర్‌హెడ్ మీద షహజాదిగారికి ఉత్తరం రాయమన్నారు. ఎవరికైనా పేరుతో మొదలుపెడతాం కదా, దీన్ని "గౌరవనీయులైన ఒకటో నంబరు గారికి" అని మొదలుపెట్టాను. సాబ్ చదివి, ఏమీ దిద్దకుండా సంతకం పెట్టారు.

ఫిబ్రవరి 4, మంగళవారం

కృపానందం పెన్షన్ మీద వెళ్లి, చల్లపల్లికి కూడా పోకుండా ముందు సింగ్ నగర్‌లో దిగాడట. ఆఫీసు టైములో వీడియో కాల్ చేశాడు. ఆ మేడ పైకప్పు. ఎండ. కుట్టుమిషను. రహమతుల్లా, అతని పక్కింటాయన, తెరేసమ్మ, ఇంకా ఎవరెవరో. రావమ్మగారిని కుర్చీలో మోసుకొచ్చారట పైకి. కృపానందం జేబు మీద బ్యాడ్జీ. ఉత్తరం షహజాదిగారి చేతిలో.

సిఫార్సులో ఏం రాశారో తెలుగులో చదవమన్నారు. చదవకూడదు. చదివాను. "మాట వినలేదు" అన్న చోట అందరూ చప్పట్లు కొట్టారు. కృపానందం తల వంచుకుని నవ్వాడు. ఆఖరి వాక్యం కూడా చదివాను. రావమ్మగారు "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడిగింది. తెరేసమ్మ ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పింది. ఆవిడ కృపానందం చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

షహజాదిగారు ఫోను లాక్కుంది. మొహం తెర నిండా వచ్చింది.

"సారూ, ఇదంతా రాసిన మీది ఎన్నో నంబరు?"

"నాకు నంబరుండదండి. గుమాస్తాని. గుమాస్తాలకి గన్ దగ్గర చోటుండదు."

అన్నాక నాకే ఎట్లానో అనిపించింది. ఇరవై మూడేళ్లు ఫిరంగి దళంలో ఉండి, ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది.

"అదెట్టా? ఆరుగురమే ఉన్నాం ఆ రోజు. మీరు ఏడు" అంది, బ్లౌజు కొలత చెప్పినంత తేలిగ్గా. వెంటనే అందరికీ వినపడేట్టు, ఆ మైకు అక్కర్లేని గొంతుతో కేకేసింది. "ఒకటీ!" తనే పలికింది. రెండు, మూడు, కృపానందం నాలుగు, ఐదు, ఆరు. ఒక్కొక్కరూ పలుకుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"ఏడూ!"

"ఏడో నంబరు హాజర్!" అని అరిచాను. ఆఫీసంతా టైపు ఆపి నా వైపు చూసింది.